గట్టెక్కని యాత్రాసాహిత్యం

ఇటీవల తెలుగులో యాత్రారచనలు విరివిగా వెలువడుతున్నాయి. ఇది సంతోషించదగిన పరిణామమే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని సామెత కట్టుకున్న దేశంలో ఈనాడు మధ్యతరగతి కుటుంబాలు సముద్రాలు దాటి వెళుతున్నాయి. చూసి వచ్చినదాన్ని నలుగురికీ చెప్పాలని ముచ్చటపడుతున్నాయి. ఆ ముచ్చటను తేలిక చేయటం విమర్శకుడి పని కాదు. అయితే రాసినదానిలో ఏమున్నది, ఏది లేదు అని అడగటం మాత్రం అతని పనే.

నైలునది ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఎస్నా నుంచి అస్వాన్ దాకా తెరచాప పడవమీద నాలుగైదు రోజుల విహారం. ఆ పడవను అక్కడ దహబియా అంటారు. దారిలో ఎడ్ఫూలో డేగ తల దేవుడు హోరస్ ఆలయం, కోం ఒంబోలో మొసలి దేవుడు సోబెక్‌కూ హోరస్‌కూ కలిపి కట్టిన జంట ఆలయం, జెబెల్ సిల్సిలాలో ఆలయాలకు రాయి తీసిన గనులు కనబడతాయి. మధ్య మధ్య ఏదో ఒక పల్లెదగ్గర పడవ ఆపుతారు. యాత్రికులు దిగి, ఒక రైతు ఇంట టీ తాగి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె తిని, పిల్లలకు చేతులూపి మళ్ళీ పడవ ఎక్కుతారు. ఇటువంటి విహారాలమీద వచ్చే రచనలకు ఒక వరస ఏర్పడిపోయింది. ఆలయానికి మూడు పేజీలు, సూర్యాస్తమయానికి ఒక పేజీ, పల్లెకు ఒక పేరా. ఆలయం గురించిన మూడు పేజీలూ వెంట వచ్చిన గైడు చెప్పినవి. సూర్యాస్తమయం రచయిత సొంతం. పల్లెకు కేటాయించిన పేరాలో మాత్రం "అమాయకులు", "అతిథి మర్యాద", "కాలం ఆగిపోయినట్టున్నది" అనే మూడు మాటలు తప్పకుండా వుంటాయి.

కాలం ఏ పల్లెలోనూ ఆగదు. పడవలో కూర్చున్నవాడికి అది ఆగినట్టు కనబడుతుంది, అంతే. మన యాత్రాసాహిత్యం గుడిని చూస్తున్నది. గుడి పక్కనున్న వూరిని కూడ చూస్తున్నది. ఆ రెంటికీ గల సంబంధాన్ని చూడటం లేదు. చరిత్ర వున్నది ఆ సంబంధంలోనే. దాన్ని పట్టుకోవాలంటే రచయిత పడవ దిగాలి, గట్టెక్కాలి, అవతలివాడి మాట నేర్చుకోవాలి. ఇది ఎలా సాధ్యమో తెలుసుకోవటానికి మనం నైలునది దాకా పోనక్కరలేదు. శ్రీకూర్మంలో కూర్చొని ఈ మాట రాస్తున్నాను. ఇక్కడికి కొద్ది దూరంలో సముద్రంలో కలిసే వంశధార ఒడ్డున పుట్టినవాడు ఒకడు ఆ పని చేసి చూపించాడు. ఆయన సంగతికి వచ్చేముందు నైలునదినే కొంత పరిశీలించటం అవసరం.

1

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అక్కడి గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. అంచేత ఎగువకు పోయే పడవ తెరచాప ఎత్తుతుంది. దిగువకు వచ్చే పడవ తెరచాప దించి ప్రవాహంతో పాటు సాగుతుంది. ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపిలో దక్షిణానికి పోవటానికి గుర్తు తెరచాప ఎత్తిన పడవ. ఉత్తరానికి పోవటానికి గుర్తు తెరచాప లేని పడవ. అంటే పడవవాడి నిత్యానుభవం ఒక నాగరికత అక్షరాల్లోకే ఎక్కిందన్నమాట. ఆలయాల గోడలమీది దేవతల పేర్లు వప్పజెప్పే రచయిత ఈ సంగతి ఎందుకు చెప్పడు? అతను కూర్చున్న పడవను నడిపినది కూడ ఆ గాలే గదా.

మరొక సంగతి. లక్సర్‌కు ఎదుటి ఒడ్డున, రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ళు కాపురమున్న వూరు ఒకటి బయటపడింది. దాని నేటి పేరు దైరల్ మదీనా. మూడవ రామ్సెస్ పాలన 29వ ఏట, అంటే క్రీస్తుకు పూర్వం 12వ శతాబ్ది మధ్యలో, ఆ పనివాళ్ళు తమకు రావలసిన ధాన్యం బత్తెం అందక పని మానేశారు. వూరు విడిచి వచ్చి ఆలయాల దగ్గర బైఠాయించారు. ఆకలీ దప్పికా తమను ఇక్కడికి తెచ్చాయని అధికారులకు చెప్పుకున్నారు. ఇదంతా ఒక లేఖరి రాసిపెట్టిన పపైరస్ చుట్ట ఇటలీలోని టురిన్ మ్యూజియంలో వున్నది. మనకు తెలిసినంతలో లిఖితపూర్వకంగా మిగిలిన మొదటి సమ్మె ఇదేనని పండితులు చెబుతారు. రాజుల లోయకు పోయే యాత్రికుడు ఈ వూరి పక్కనుంచే పోతాడు. కాని మన రచనల్లో రాజుల బంగారు ముసుగులకు దొరికిన చోటు ఈ బత్తెం గింజలకు దొరకదు.

యాత్రికుల్లో అందరూ ఒక్క తీరువారని నేననను. అమీలియా ఎడ్వర్డ్స్ అనే ఆంగ్ల రచయిత్రి 1873-74 శీతకాలంలో ఒక దహబియామీద నైలు ఎగువకు ప్రయాణించి, 1877లో ఆ యాత్రను గ్రంథంగా ప్రచురించింది. నైలు యాత్రారచనల్లో అది నేటికీ గొప్పదే. పడవవాళ్ళను ఆమె విస్మరించలేదు. వాళ్ళ పాటా, వాళ్ళ రొట్టె కాల్చుకోవటానికి పడవ ఆగిన మజిలీలూ ఆమె పుస్తకంలో వున్నాయి. అయినా ఒక సన్నివేశం చూడండి. అబూ సింబెల్‌లోని మహాశిల్పం ముఖానికి, పూర్వం ఎవరో అచ్చు తీసినప్పుడు అంటుకుపోయిన తెల్లని మట్టి అలాగే వుండిపోయింది. ఆమె తన పడవవాళ్ళచేత దాన్ని గీకించి, మిగిలిన మచ్చలు కనబడకుండా కాఫీ డికాక్షన్ పూయించింది. శిల్పంమీద ప్రేమతోనే చేసిన పని. కాని ఆ కర్రలమీద వేలాడి దేవుడి ముఖం కడిగిన మనుషులు ఆ ముఖాన్ని చూసి ఏమనుకున్నారో పుస్తకంలో వుండదు. వాళ్ళు పనిచేస్తుంటే చూసిన కన్ను ఆమెది. వాళ్ళు చూసేదాన్ని చూసే కన్ను ఆమెకు లేదు. ఆనాటి ఆంగ్ల యాత్రికురాలికి ఆ హద్దు వుండటం మనకు అర్థమవుతుంది. ఒకటిన్నర శతాబ్దం తరువాత, తానూ పరపాలన కింద బతికిన జాతికి చెందిన తెలుగు రచయితకు అదే హద్దు ఎందుకుండాలి?

ఎడ్ఫూ ఆలయం కథ ఇంకా విశేషమైనది. క్రీస్తుకు పూర్వం 237లో మొదలై 57లో పూర్తయిన ఆ ఆలయం కాలక్రమాన ఇసుకలోనూ చెత్తలోనూ కూరుకుపోయింది. దాని కప్పుమీదనే ఇళ్ళు కట్టుకొని ఒక వూరు బతికింది. 1860 ప్రాంతంలో మారియెట్ అనే ఫ్రెంచి పురాతత్వవేత్త ఆ ఇళ్ళు తీయించి ఆలయాన్ని బయటికి తెచ్చాడు. ఈజిప్టులో ఈ కథ మళ్ళీ మళ్ళీ జరిగింది. లక్సర్ ఎదుట కొండవాలున సమాధుల నడుమ బతికిన గుర్నా పల్లెవాళ్ళ ఇళ్ళను ఈ శతాబ్ది మొదటి దశకంలో పడగొట్టారు. గుడి బయటపడాలంటే వూరు పోవాలి అన్నది అక్కడ ఒక సూత్రమైపోయింది.

దాని పరాకాష్ఠ అస్వాన్ ఎత్తు ఆనకట్ట. ఆ నీటిలో మునగబోయే ఆలయాలను కాపాడండని 1960లో యునెస్కో ప్రపంచాన్ని అర్థించింది. ప్రపంచం స్పందించింది. 1964 నుంచి 1968 వరకు అబూ సింబెల్ ఆలయాలను రాళ్ళు రాళ్ళుగా కోసి, 60 మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చి మళ్ళీ కూర్చారు. మానవుడి నైపుణ్యానికి అది నిజంగా నిదర్శనమే. ఆ రోజుల్లోనే, 1963-64లో, ఈజిప్టు నూబియావాసులు సుమారు 50,000 మందిని పడవలూ రైళ్ళూ ఎక్కించి కోం ఒంబో చుట్టుపక్కల మైదానానికి తరలించారు. రాయికి పట్టిన శ్రద్ధ మనిషికి పట్టలేదు. నది ఒడ్డున తరతరాలు బతికినవాళ్ళకు నది కనబడని చోట ఇళ్ళు ఇచ్చారు. కోం ఒంబో జంట ఆలయాన్ని వెన్నెల్లో వర్ణించే రచయిత అక్కడికి కొద్ది దూరంలోనే ఆ పునరావాస గ్రామాలున్నాయని తెలియకుండానే తిరిగి వస్తున్నాడు. నూబియా మునకను లోపలినుంచి చెప్పినవాడు ముహమ్మద్ ఖలీల్ కాసిం. కమ్యూనిస్టుగా జైలు అనుభవించినవాడు. 1968లో వెలువడిన ఆయన నవల పేరు 'అష్షమందూరా', అంటే నీటిపై తేలే బోయా. పాత ఆనకట్టను 1933లో మరింత ఎత్తు చేసినప్పుడు మునిగిన పల్లెల కథ అది. యాత్రికుడు దాన్ని చదివి వెళితే పడవలోంచి కనబడే నీరే వేరుగా కనబడుతుంది.

2

ఇదంతా పరాయి గోడు అనుకుంటే పొరపాటు. కృష్ణలోయలో నాగార్జునకొండ తవ్వకాలు 1954 నుంచి 1960 వరకు జరిగాయి. ఈలోగా 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల విజయపురి జలాశయంలో మునిగింది. ముఖ్య కట్టడాలను కొన్నింటిని కొండమీదికీ, ఒడ్డున వున్న అనుపుకూ చేర్చి తిరిగి నిలబెట్టారు. నేడు యాత్రికులు లాంచీ ఎక్కి ఆ కొండకు పోతారు, ఇప్పుడది దీవి. లాంచీ కింద నీటిలో పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు కూడ వున్నాయని చెప్పే యాత్రారచన నా కంటబడలేదు. ఆనకట్ట తప్పని ఇక్కడ వాదించటం లేదు. ఆ నీరు లక్షల ఎకరాలను తడిపింది. ఆ అన్నం మనందరం తిన్నాం. అన్నం తిన్నవాడికి, ఆ నీటి కింద ఎవరి పొయ్యి వున్నదో తెలిసివుండవలసిన బాధ్యత వున్నదంటున్నాను.

గోదావరిలో పాపికొండల విహారం మన నైలు విహారం. గండిపోచమ్మ గుడి, పేరంటాలపల్లి శివాలయం, కొండరెడ్ల వెదురు బొమ్మలు, మధ్యాహ్న భోజనం. ఈ వర్ణనలు పత్రికల్లో లెక్కలేనన్ని వచ్చాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగి అనేకమంది చనిపోయినప్పుడు మాత్రం ఆ గ్రామాల పేర్లు వార్తల్లోకెక్కాయి. వరద గోదావరిలోకి నాటుపడవలు వేసుకొని పోయి కొందరినైనా ఒడ్డుకు చేర్చినవాళ్ళు ఆ ఒడ్డు గిరిజనులే. అంతకు ముందటి మన రచనల్లో వాళ్ళు చిత్రపటంలోని చెట్లవంటివారు. పోలవరం ముంపు కింద ఆ వూళ్ళు ఖాళీ అవుతున్నప్పుడు వాళ్ళను గురించి రాయటానికి మన యాత్రాసాహిత్యం దగ్గర మాటలు మిగలలేదు.

మనకు మంచి సంప్రదాయం లేదా అంటే వున్నది. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ, గయ చూసుకొని, కలకత్తా, జగన్నాథం మీదుగా గంజాం, శ్రీకాకుళం, విజయనగరం సీమలు దాటి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. గంగమీద పడవ ప్రయాణమూ చేశాడు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసుకున్న లేఖలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. పుణ్యానికి పోయినవాడే; అయినా ప్రతి మజిలీలోనూ వూరెంత, అంగళ్ళున్నాయా, నీరెలా వున్నది, ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎటువంటిది అని పట్టించుకున్నాడు. అప్పటి వాడుకలోని తెలుగులో రాశాడు. నేటి యాత్రారచనకన్న ఆ పుస్తకంలో దేశం ఎక్కువ కనబడుతుంది.

అయితే వీరాస్వామికీ హద్దున్నది. నూరుమందికి పైగా పరివారంతో, పల్లకీతో వెళ్ళిన ధనిక యాత్రికుడాయన. వూరిని ఆయన అడిగే ప్రశ్న ముఖ్యంగా బాటసారి ప్రశ్న: ఇక్కడ నాకేం దొరుకుతుంది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాశాడు గనుకనే ఆనాటి వూళ్ళు కొంతవరకైనా మనకు దక్కాయి. ఇక్కడివాళ్ళకు ఏం దొరుకుతుంది అన్న రెండవ ప్రశ్న అడిగేవాడు రావటానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

3

ఇప్పుడు వంశధార సంగతి. ఒడిషా కొండల్లో పుట్టిన ఈ నది శ్రీకాకుళం జిల్లాలో ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీనిమీద విహారపు పడవ నడపాలనుకుంటే ఆలయాలకు కొదవ లేదు. ఎగువన శ్రీముఖలింగం, అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. దిగువన, నది దక్షిణపు గట్టున శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు. తరువాత కళింగపట్నం రేవు. అక్కడినుంచి తీరం వెంట దక్షిణానికి వస్తే శ్రీకూర్మం. నీళ్ళకే కొదవ; ఏడాదిలో చాలాకాలం వంశధారలో ఇసుకే ఎక్కువ. అది విహార వ్యాపారి బాధ. సాహిత్యానికి మాత్రం ఈ దారి నైలుకు తీసిపోదు. ఎందుకంటే ఈ మూడు చోట్లనూ కలిపే ఒక పేరున్నది. అది సవర.

శ్రీముఖలింగం స్థలపురాణం అందరికీ తెలిసినదే. ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పపువ్వు ఏరుకోవటం దగ్గర సవతుల మధ్య తగవు. విసిగిన మగడు ఆ ఇప్పచెట్టునే నరకబోగా అందులోంచి శివుడు ముఖం చూపాడు. ఇప్పకు సంస్కృతంలో మధుకం. అందుకే మధుకేశ్వరుడు. అంటే ఆ మహాలయం పునాదిలో అడవి మనిషీ, అతని తిండీ, అతని ఇంటి తగవూ వున్నాయని స్థలపురాణమే ఒప్పుకుంటున్నది.

శ్రీకూర్మానికి రండి. కూర్మావతారానికి వెలసిన ఈ ఆలయంలో దేవుడు పడమటి ముఖంగా వుంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపాల స్తంభాలమీద వందకు పైగా శాసనాలు. అఖండదీపాలకు ఇచ్చిన మాడలు, నైవేద్యాలకు ఇచ్చిన భూములు, దాతల బిరుదులు, శకసంవత్సరాలు. ఆ శాసనాల్లో మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులది, క్రీ.శ. 1281 నాటిది ఒకటున్నది. ఆయన ఇక్కడ యోగానంద నరసింహుని ప్రతిష్ఠించాడని చెప్పే ఆ శాసనమే, శబరుల దాడినుంచి శ్రీకూర్మాన్ని కాపాడిన వీరుడని కూడ ఆయనను స్తుతిస్తుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. శ్రీముఖలింగం కథలో శబరుడు దేవుణ్ణి చూసిన మొదటివాడు. శ్రీకూర్మం శాసనంలో శబరుడు దేవుడి ఇంటిమీద పడిన శత్రువు. వాళ్ళు ఎందుకు వచ్చారు? ఆకలి తెచ్చిందా, అడవి పోవటం తెచ్చిందా, రాజుల పోరులో ఎవరి పక్షానైనా వచ్చారా? శిల ఆ మాట చెప్పదు. శిలను చెక్కించినది ఒక పక్షం. రెండవ పక్షానికి లిపి లేదు. కాబట్టి శాసనాన్ని మాత్రమే చదివి రాసే చరిత్రగానీ, ఆ చరిత్రను గైడు నోట విని రాసే యాత్రారచనగానీ, తనకు తెలియకుండానే ఒక పక్షం వహిస్తుంది.

ఈ చిక్కును గుర్తించి విప్పటానికి పూనుకున్నవాడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో, వంశధార ఒడ్డునే పుట్టాడు. నేడు ఒడిషాలో వున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. పండితుడు కాకముందే శాసనలిపులు తనంత తాను నేర్చుకున్నాడు. గాంగరాజుల కళింగనగరం రేవులోని కళింగపట్నమేనని కొందరు పండితులు తలచిన కాలంలో, శ్రీముఖలింగం శాసనాలు చదివి, ఆ నగరం ఇదేనని వాదించాడు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చినదీ ఆయనే. ఇంతవరకు ఆయన మంచి పురాతత్వ పరిశోధకుడు, అటువంటివారు మరికొందరున్నారు.

ఆయన అక్కడ ఆగలేదు. కొండల్లోంచి పర్లాకిమిడి సంతకు దిగివచ్చే సవరల మాట చెవిన వేసుకున్నాడు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని పదం పదం నేర్చుకున్నాడు. కొండలెక్కి తిరిగాడు. మన్యపు జ్వరాలకు తిన్న క్వినైను చెవులను తినేసిందని, చివరికి ఆయనకు బాగా చెవుడు వచ్చిందని చెబుతారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పాఠాలు రాశాడు, బడులు పెట్టించాడు. శాసనంలో శత్రువుగా చెక్కబడినవాడి నోటిమాటకు వ్యాకరణం వున్నదని నిరూపించటం చిన్న పని కాదు.

గిడుగు వ్యావహారిక భాషావాదాన్ని మన విమర్శకులు సాధారణంగా గ్రాంథికవాదులతో జరిగిన తగవుగానే చదువుతారు. నా ఉద్దేశంలో దాని వేరు ఈ కొండల్లో వున్నది. లిపి లేని సవరకు నియమం వున్నదని చెవితో విన్నవాడు, కోట్లమంది మాట్లాడే తెలుగు గ్రామ్యమని, నియమం లేనిదని ఎవరన్నా ఎలా ఒప్పుకుంటాడు? ఆయన రెండు పోరాటాలూ ఒకటే. రాతికి వున్న గౌరవాన్ని ఆయన తగ్గించలేదు. నోటికి దానితో సమానమైన గౌరవం తెచ్చాడు. యాత్రారచయిత నేర్చుకోవలసిన పద్ధతి ఇదే. ఒకే నది ఒడ్డున గుడి గోడనూ చదవాలి, గుడికి రానివ్వని మనిషినీ వినాలి.

4

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. విహారానికి పోయినవాడు నిఘంటువులు రాయాలా, నాలుగు రోజుల సెలవుమీద పోయినవాడి నెత్తిన ఇంత బరువు పెట్టటం న్యాయమా అన్నది మొదటిది. న్యాయమైన ప్రశ్నే. అందరూ గిడుగులు కానక్కరలేదు. కాని నాలుగు రోజుల్లోనూ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఈ పడవ ఎవరిది, దీన్ని నడిపేవాడికి నెలకెంత వస్తుంది? ఈ గుడి చుట్టూ ముందు ఎవరుండేవారు, ఇప్పుడెక్కడున్నారు? నాకు టీ ఇచ్చిన ఇంటికి ఈ టీ డబ్బులు ఎవరిస్తున్నారు? వీళ్ళు నన్ను గురించి ఏమనుకుంటున్నారు? వీటికి జవాబులు దొరక్కపోయినా, దొరకలేదని రాయటంలో కూడ నిజమున్నది. "అమాయకులు" అన్న మాట మాత్రం అప్పుడు కలంలోంచి రాదు. తన బతుకు లెక్కలు తనకు తెలిసిన ఏ రైతూ అమాయకుడు కాడు.

రెండవ ఆక్షేపణ మనవాళ్ళనుంచే వస్తుంది. గుళ్ళు రాజులు కట్టించుకున్నవి, వాటి గొడవ మనకెందుకు, పల్లె గురించి రాస్తే చాలదా అని. ఈ ధోరణి మన విమర్శకు చాలా నష్టం చేసింది. గుడిని పురోహితుడికీ విహార వ్యాపారికీ వదిలేస్తే, దాన్ని కట్టినవాడి చరిత్రను కూడ వాళ్ళకే వదిలేసినట్టు. దైరల్ మదీనా పనివాళ్ళ సమ్మె మనకు తెలిసినది సమాధులను శ్రద్ధగా తవ్వినవాళ్ళ వల్లనే. శ్రీకూర్మం శాసనంలో శబరులున్నారని తెలిసినది శాసనం చదివినవాడి వల్లనే. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో శ్రీకాకుళపు పల్లెలోని ఒక అప్పు లెక్కను తేల్చటానికి ఆ వూరి ముప్పై ఏళ్ళ అభివృద్ధి చరిత్రనంతా తవ్విపోశాడు. కథకుడు అప్పుపత్రానికి చూపిన ఓపిక మనం దానశాసనానికి ఎందుకు చూపకూడదు? దీపానికి మాడలిచ్చిన దాత పేరు రాతిమీద వున్నది. ఆ దీపంలోకి నేయి ఏ మందనుంచి వచ్చింది, ఆ మందను ఎవరు మేపారు అని అడగటం మన పని.

ఈ ప్రశ్నలు పాతబడలేదు. శ్రీముఖలింగానికి ఎగువన హిరమండలం దగ్గర వంశధార రెండవ దశ జలాశయం కోసం గత దశాబ్దంలో వూళ్ళు ఖాళీ చేయించారు. మధుకేశ్వరుడికి ప్రమాదం లేదు. ఆయన దిగువన సుఖంగానే వున్నాడు. పొలమూ పశువుల దొడ్డీ చెట్టూ వదిలి కొత్త కాలనీలకు పోయినవాళ్ళ కథలు ఎవరు రాశారో చూడండి. ఈ ప్రాంతపు కథకులూ కవులూ కొంత రాశారు. ముఖలింగ యాత్రలు రాసినవాళ్ళు రాయలేదు. నూబియాకూ హిరమండలానికీ మధ్య కొలతలో పోలిక లేదు, మరుపులో వున్నది.

ఇక శ్రీకూర్మం. శ్వేతపుష్కరిణిలో మునిగి, రెండు ధ్వజస్తంభాలకూ మొక్కి, గుళ్ళో పెంచే నక్షత్ర తాబేళ్ళను చూసి సంతోషించి యాత్రికులు తిరుగు బస్సు ఎక్కుతారు. గుడికి కొద్ది మైళ్ళలోనే సముద్రం. అక్కడి పల్లెల్లో పడవ ఎరగని మనిషి లేడు. కాని ఆ పడవవాళ్ళు ఏడాదిలో చాలా నెలలు ఇక్కడ వుండరు. చేపల రేవులు లేక, వేట గిట్టుబాటు కాక, దేశానికి ఆ చివరనున్న గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి పరాయివాడి బోటుమీద కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అలా వేటలో వుండగానే పాకిస్తాన్ గస్తీవాళ్ళ చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై తిరిగి వచ్చారు. దానిమీద సినిమా వచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళు ఆ పద్నాలుగు నెలలూ ఏ గుమ్మాలెక్కి దిగారో, ఏ వడ్డీకి తెచ్చుకున్నారో మనకింకా పుస్తకం రాలేదు.

నీటిమీద ఒక జాతి చేసే ప్రయాణమంటే ఇదీ. నైలుమీద దహబియా ఎక్కే తెలుగు రచయిత బయలుదేరే ముందు ఒకసారి ఈ తీరానికి రావాలని నా కోరిక. గుడి చూడవచ్చు, శాసనాలు చదవవచ్చు. తరువాత రేవుకు నడిచి వెళ్ళి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలివాడి పక్కన కూర్చుంటే, వాళ్ళ వూళ్ళో పడుచు మగవాళ్ళు ఎవరూ ఎందుకు కనబడటం లేదో అతను చెబుతాడు. ఆ మాట విన్న రచయిత అస్వాన్‌లో పడవవాణ్ణి పలకరించే తీరు వేరుగా వుంటుంది.